ఆర్వీకి డబుల్ పేన్ కిటికీలు అవసరమా? ఇలా తేల్చుకోండి

అమెరికాలో కొత్త ఆర్వీ, అంటే లోపలే వండుకుని పడుకునే బండి (వెనక లాక్కెళ్లే ట్రైలరో, తనకే ఇంజిన్ ఉండే మోటర్‌హోమో) ఆర్డర్ చేస్తుంటే, డబుల్ పేన్ కిటికీలు, అంటే మధ్యలో గాలి బంధించిన రెండు పొరల అద్దాలవి, వేయించమంటారా అని డీలర్ అడుగుతాడు. ఇంట్లో ఉన్నవి అవే కదా, మంచివే అయ్యుంటాయని చాలామంది సరే అనేస్తారు. తొందరపడకండి. ఏడాదిలో ఎన్ని రాత్రులు గడ్డకట్టే చలిలో ఆ బండిలో పడుకోబోతున్నారో ముందు లెక్కేసుకోండి. పిల్లల సెలవుల్లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లొచ్చే కుటుంబమైతే, అక్కడ జూలైలో కూడా రాత్రిళ్లు చలేస్తుంది కానీ ఆ కాసిని రాత్రులకి ఫర్నెస్ (బండిలోని ప్రొపేన్ గ్యాస్ హీటర్), మంచి దుప్పట్లు సరిపోతాయి. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్‌కి 7,000 అడుగుల ఎత్తున ఉన్న గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి, శీతాకాలంలో కొలరాడోకి వెళ్లేవాళ్లయినా, రిమోట్ ఉద్యోగం పెట్టుకుని ఏడాదంతా బండిలోనే కాపురం ఉండేవాళ్లయినా మాత్రం వేయించుకోండి, నా మాట ఇదే.

అయితే గ్యాస్ ఆదా అవుతుందని మాత్రం తీసుకోకండి, ఎందుకంటే లెక్క అంత గొప్పగా ఏమీ ఉండదు. బండి మొత్తం మీద 50 చదరపు అడుగుల అద్దం ఉందనుకుందాం. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, లోపల 70 ఉంటే ఒంటి అద్దాల గుండా గంటకి సుమారు 2,500 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి పోతుంది, డబుల్ అయితే అందులో సగం. రోజంతా అదే చలి ఉన్నా, ఫర్నెస్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే మిగిలేది దాదాపు 2 పౌండ్ల ప్రొపేన్, అంటే 20 పౌండ్ల సిలిండర్ ఒకటి మిగలడానికి పది పదకొండు రోజులు పడుతుంది. ఆ మిగులుతో కిటికీల ఖర్చు తిరిగి రావాలంటే చాలా శీతాకాలాలు కావాలి. పైగా ఆర్వీ కిటికీల ఫ్రేములు ఎక్కువగా అల్యూమినియంవి, వేడి వాటి గుండా కూడా పోతుంది కాబట్టి నిజంగా మిగిలేది ఇంకా తక్కువే.

అసలు లాభం నీళ్ల దగ్గర ఉంది. లోపల 70 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే, 50 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్లు పడతాయి. బయట 30 ఉన్న రాత్రి ఒంటి అద్దం లోపలి వైపు 40 దగ్గర ఉంటుంది, డబుల్ పేన్ అయితే 55 దగ్గర. ఒకటి కారుతుంది, ఇంకోటి పొడిగా ఉంటుంది. మన వంట సంగతి తెలుసుగా, రైస్ కుక్కర్ ఆవిరి, మరిగే సాంబారు, పొద్దున్నే కాఫీకి నీళ్లు, అదంతా ఆ చిన్న గదిలోనే తిరుగుతుంది. స్టవ్ మీద ఒక పౌండు ప్రొపేన్ మండితే పౌండున్నరకి పైగా నీరు ఆవిరిగా వస్తుంది. దానికి నలుగురి ఊపిరి కూడా తోడు. ఆ నీళ్లు అద్దం మీంచి కిటికీ గాడిలోకి దిగుతాయి, బయటికి పోయే రంధ్రాలు గడ్డకట్టి మూసుకుపోతే గోడలోకి పోతాయి, పరుపు అంచులు తడుస్తాయి, బూజు పడుతుంది, గోడ లోపలి చెక్క మెత్తబడుతుంది. ఆర్వీ గోడ ఒకసారి ఉబ్బిందంటే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు. డబుల్ పేన్ ఉన్నా సరే, వంట చేసేటప్పుడు పైన ఫ్యాన్ వేయండి, చలిగా ఉన్నా పైకప్పులోని ఒక వెంట్ (గాలి రంధ్రం) కాస్త తెరిచి ఉంచండి.

చప్పుడు కూడా తగ్గుతుంది. హైవే పక్కన ఆగి పడుకున్న రాత్రి, పక్క సైటులో జనరేటర్ మోగుతున్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఎండకి మాత్రం పెద్దగా ఆశపెట్టుకోవద్దు. ఏ పూతా లేని మామూలు అద్దం రెండు పొరలున్నా ఎండని లోపలికి రానిస్తూనే ఉంటుంది. అరిజోనాలోనో టెక్సస్‌లోనో వేసవి గడిపేవాళ్లు ఆ డబ్బు టింట్ మీద, కిటికీకి బయటివైపు కట్టే షేడ్ మీద పెడితే ఏసీకి నిజంగా భారం తగ్గుతుంది. ఎండని అద్దానికి అవతలే ఆపాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు అద్దాల మధ్య గాలిని బంధించే సీల్ కుదుపులకి, వేడికీ చలికీ, ఎత్తు మార్పులకి అలసిపోతుంది. అమెరికాలో ఆర్వీలు ఎక్కువగా తయారయ్యేది ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల, అదంతా పల్లపు నేల. అక్కడ సీల్ చేసిన అద్దాలతో కొలరాడోలో ఐ-70 హైవే మీద 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాకా ఎక్కితే బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకి పడిపోతుంది, లోపలి గాలి అద్దాలని బయటికి తోస్తుంది. ఇలా కొన్నేళ్లకి సీల్ వదిలి మధ్యలో మసక పడితే ఎంత తుడిచినా పోదు, విప్పి శుభ్రం చేసి మళ్లీ సీల్ చేయించాలి. అందుకే కిటికీలకి వారంటీ ఎన్నేళ్లో, మధ్యలో మసక పడటం అందులోకి వస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. బరువూ చూసుకోవాలి. 3 మిల్లీమీటర్ల అద్దమైతే ఆ 50 చదరపు అడుగులకి దాదాపు 75 పౌండ్లు పెరుగుతుంది, చిన్న ట్రైలర్‌లో సామాను మోసే పరిమితి నుంచి అంత పోయినట్టే. యూరప్ కారవాన్లలో వాడే అక్రిలిక్ డబుల్ కిటికీలు చాలా తేలిక, కర్టెనూ దోమతెరా ఫ్రేములోనే వస్తాయి. కానీ సులువుగా గీతలు పడతాయి, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగిలితే పాడవుతాయి.

పాత బండి కొంటున్నారా? ఫోన్ టార్చ్ అద్దానికి దగ్గరగా పెట్టి వాలుగా చూడండి. వెలుగు చుక్కలు ఒక జతే కనిపిస్తే ఒంటి అద్దం, కాస్త ఎడంగా రెండు జతలు కనిపిస్తే డబుల్. ప్రతి కిటికీకీ చూడండి, తలుపు అద్దం ఒంటిదే అయ్యుండొచ్చు.

ఉన్న బండికి కిటికీలన్నీ మార్పించడం మాత్రం దండగ అంటాను. ఆ డబ్బుతో మొదట బండి అడుగు భాగం మూసి ఉందో లేదో, నీళ్ల ట్యాంకులకి వేడి అందుతుందో లేదో చూడండి, పైపులు గడ్డకడితే కిటికీలు ఏవైనా ట్రిప్ అయిపోయినట్టే. తర్వాత చలి దిగకుండా పైకప్పు వెంట్‌లో ఇరికించే 14 అంగుళాల దిండు ఒకటి, మోటర్‌హోమ్ అయితే ముందు అద్దానికి మందపాటి కవర్ కొనండి. కిటికీలకి హార్డ్‌వేర్ షాపులో దొరికే ష్రింక్ ఫిల్మ్ (వేడికి బిగుసుకునే పల్చటి ప్లాస్టిక్ షీటు) చాలు. ఫ్రేము తుడిచి ఆరనిచ్చి, చుట్టూ రెండు వైపులా అంటుకునే టేప్ వేసి, ఫిల్మ్ అతికించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే బిగుసుకుని చలికాలమంతా రెండో పొరలా పనిచేస్తుంది. ఎర్ర హ్యాండిల్ ఉన్న అత్యవసర కిటికీకి మాత్రం ఫిల్మ్ వేయకండి, దానికి ఒక్క లాగుతో ఊడొచ్చే మందపాటి ఫోమ్ ముక్క కోసి పెట్టండి, అదెలా తీయాలో పిల్లలకి చూపించండి.