ఇష్టమైన రైడ్ కొత్త రూపంలోకి మారుతున్నప్పుడు అభిమాని చేయవలసిన పనులు

ఎన్నో ఏళ్లుగా మనసుకు హత్తుకున్న ఒక రైడ్‌ను కొత్త కథతో, కొత్త పాత్రలతో మార్చబోతున్నామని థీమ్ పార్క్ ప్రకటించినప్పుడు అభిమానికి కలిగే బాధ నిజమైనది. చిన్నప్పుడు అమ్మానాన్నల పక్కన కూర్చుని మొదటిసారి భయాన్ని గెలిచిన చోటు అది కావచ్చు. ఇప్పుడు మన మధ్య లేని మనిషితో కలిసి మనసారా నవ్విన చోటు కావచ్చు. అందువల్ల ఆ బాధను అణచుకోమని నేను చెప్పను. దానిని స్పష్టమైన మాటల్లో పెట్టుకోవడం, భద్రపరచవలసిన దానిని సమయం ఉండగానే భద్రపరచుకోవడం, కొత్త రైడ్‌ను న్యాయంగా పరీక్షించడం ఎలాగో వివరిస్తాను.

ప్రకటన వెలువడిన వెంటనే చేయవలసిన పని దానిని చివరి వాక్యం వరకు చదవడం. రీథీమ్, అంటే ఉన్న రైడ్‌ను కొత్త కథతో మార్చడం, అనే ఒక్క మాట కింద చాలా భిన్నమైన మార్పులు జరుగుతుంటాయి. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల బంగళా రైడ్‌కు 2001 నుంచి హాలోవీన్, క్రిస్మస్ రోజుల కోసం ప్రత్యేక అలంకరణ చేసి, ఆ తరువాత తీసివేస్తున్నారు; అది తాత్కాలికం. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ అనే డిస్నీ పార్క్‌లో, నార్వే దేశపు విభాగంలోని మేల్‌స్ట్రామ్ అనే పడవ రైడ్ 2014 అక్టోబరు 5న మూతపడి, 2016 జూన్‌లో ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్‌గా తెరుచుకున్నప్పుడు పడవలు, నీటి దారి మిగిలాయి గానీ కథ పూర్తిగా మారింది. యూనివర్సల్ ఆర్లాండోలో 2012 జనవరిలో మూతపడిన జాస్ రైడ్‌ను కూల్చివేసి, ఆ స్థలంలో 2014లో హ్యారీ పాటర్ కథలోని డయాగన్ ఆలీని తెరిచారు. మీ రైడ్‌కు జరగబోయేది ఈ మూడింటిలో ఏదో తెలుసుకున్న తరువాతనే మాట్లాడడం మంచిది. అలాగే అదే రైడ్ మరొక పార్క్‌లో మిగిలి ఉందేమో చూడండి. అమెరికాలో రెండు చోట్లా మూతపడిన స్ప్లాష్ మౌంటెన్ టోక్యో డిస్నీల్యాండ్‌లో 1992 నుంచి అదే రూపంలో ఉంది. కాలిఫోర్నియాలో వేరే కథకు మారిన టవర్ ఆఫ్ టెర్రర్ అనే లిఫ్ట్ రైడ్ ఫ్లోరిడాలో ఇంకా నడుస్తోంది.

తరువాతి పని అన్నింటికన్నా ముఖ్యమైనదని నా నమ్మకం. ఒక కాగితం తీసుకుని, మీరు పోగొట్టుకుంటున్నది ఖచ్చితంగా ఏమిటో రాయండి. ప్రతి రైడ్‌కూ ఒక శరీరం, ఒక వేషం ఉంటాయి. పట్టాలు, వాహనం, నీరు, ఎత్తు, వేగం, మలుపులు శరీరం. కథ, పాటలు, బొమ్మలు, రంగులు, వాసన వేషం. రీథీమ్ సాధారణంగా వేషాన్ని మారుస్తుంది. కానీ మంచి రైడ్‌లో ఈ రెండూ విడదీయలేనంతగా అల్లుకుని ఉంటాయి, అభిమానుల కోపం అర్థవంతమయ్యేది అక్కడే. స్ప్లాష్ మౌంటెన్‌నే తీసుకోండి. దుంగ ఆకారపు పడవ దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి జారిపడటం దాని శరీరం. అయితే ఆ జారుడు ఊరికే వచ్చేది కాదు: ఇల్లు విడిచి బయలుదేరిన కుందేలు నక్కకు చిక్కుతుంది, సంగీతం చీకటిగా మారుతుంది, పైకి ఎక్కే దారిలో రెండు రాబందులు మనల్ని బెదిరిస్తాయి, ఆ తరువాత కుందేలుతో పాటు మనమూ ముళ్లపొదలోకి విసిరివేయబడతాం. అంటే ఆ పతనమే కథకు పతాక సన్నివేశం. దాని స్థానంలో, డిస్నీ నల్లజాతి రాజకుమారి టియానా కథతో వచ్చిన టియానాస్ బేయూ అడ్వెంచర్‌లో దారి, పతనం అవే. కానీ మామా ఓడీ అనే మంత్రగత్తె మనల్ని కప్పంత చిన్నగా మార్చిన తరువాత, తిరిగి మామూలు పరిమాణానికి తేవడానికి ఆ జారుడు ఉపయోగపడుతుంది. ప్రతినాయకుడు లేడు, బెదిరింపు లేదు. పాత రైడ్ బాగుండేదని మాత్రమే అనే మాటకు జవాబు ఉండదు; పతనానికి ముందు కలగవలసిన ఉత్కంఠ లేకుండా పోయిందని అంటే దాని గురించి చర్చించవచ్చు, సరిదిద్దమని కోరవచ్చు.

కాగితంపై రాస్తున్నప్పుడు రైడ్‌కు చెందినవి, మీ జీవితానికి చెందినవి వేరు వేరు వరుసల్లో పెట్టండి. రెండో వరుసలోనివి విలువైనవే. వాటిని ఏ పార్క్ కూడా మీ నుంచి తీసుకోలేదు, వాటిని కాపాడవలసిన బాధ్యత కూడా పార్క్‌ది కాదు.

మార్పుకు కారణం తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదు. స్ప్లాష్ మౌంటెన్ కథకు మూలం 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ సినిమా. అంతర్యుద్ధం తరువాతి దక్షిణాది తోటల్లో నల్లజాతివారి బతుకును హాయిగా సాగినట్టు చూపించిందనే విమర్శ ఆ సినిమాపై విడుదలైన నాటి నుంచీ ఉంది. అమెరికాలో ఇంటి వీడియో రూపంలో దానిని డిస్నీ ఎన్నడూ విడుదల చేయలేదు. 2020 జూన్ 25న రీథీమ్ ప్రకటన వచ్చినప్పుడు, తమకు చోటు దొరికిందని సంతోషించినవారూ ఉన్నారు, బాల్యం చెరిగిపోతోందని దుఃఖించినవారూ ఉన్నారు. నా అభిప్రాయంలో మార్పుకు బలమైన కారణం ఉంది. ఆ రైడ్ నిర్మాణంలోని గొప్పతనం కూడా అంతే నిజం. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1989లో తెరుచుకున్న డిస్నీల్యాండ్ స్ప్లాష్ మౌంటెన్‌లోని కదిలే బొమ్మల్లో చాలావరకు 1974 నుంచి 1988 వరకు నడిచిన అమెరికా సింగ్స్ ప్రదర్శన నుంచి తెచ్చినవే. మనం పాతదిగా భావించి ప్రేమించినది తన ముందు తరం బొమ్మలతోనే ప్రాణం పోసుకుంది.

ముగింపు తేదీ వరకు గడువు ఉంటే, దానిని నమోదుకు వినియోగించండి. రైడ్ మొత్తాన్ని వీడియో తీసినవారు ఇప్పటికే చాలామంది ఉంటారు గనుక, ఎవరూ తీయనివాటిపై దృష్టి పెట్టండి: వరుసలో నిలబడినప్పుడు వినిపించే నేపథ్య సంగీతం, గోడలపై చిన్న అక్షరాల్లో రాసిన హాస్యపు బోర్డులు, సిబ్బంది చెప్పే భద్రతా సూచనలు, పడవ ఎక్కే చోటి దీపాల రంగు. శబ్దాన్ని విడిగా, కనీసం రెండుసార్లు, ఒకే చోట నిలబడి రికార్డు చేయండి, ఎందుకంటే మొదటిసారి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. చీకటి దృశ్యాల్లో ఫ్లాష్ వాడకండి. అది తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలిగిస్తుంది, చిత్రం కూడా పాడవుతుంది. అనుమతి లేని పార్క్‌లో, వేగంగా జారే రైడ్‌లో ఫోన్ బయటకు తీయనే వద్దు. ఒక్కసారైనా కెమెరా లేకుండా ఎక్కి, దిగిన వెంటనే గుర్తున్నదంతా రాసుకోండి. వాసన, చల్లదనం, కడుపులో కలిగిన ఖాళీ భావన అలాంటి రాతలోనే నిలుస్తాయి. అక్కడి వస్తువులను మాత్రం ముట్టుకోవద్దు. ఫ్లోరిడాలో 2023 జనవరి 22న స్ప్లాష్ మౌంటెన్ చివరిసారి నడిచిన తరువాత, ఆ రైడ్ నీళ్లంటూ సీసాల్లో నింపినవి ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపించాయి. ఆ తపన నాకు అర్థమవుతుంది, కానీ ఒక పేజీ నిండా రాసిన జ్ఞాపకం ఆ సీసా కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

పార్క్‌కు లేఖ రాయదలిస్తే, అది పొట్టిగా, ఒకే కోరికతో ఉండాలి. మీరు ఎన్నిసార్లు ఎక్కారో ఒక వాక్యంలో, ఏది మిగలాలని కోరుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. మొత్తం నిర్ణయాన్ని వెనక్కి తీసుకోమనడం కన్నా ఒక పాట, ఒక పాత్ర, ఒక దృశ్యం నిలపమని అడగడం ఆచరణలో తేలిక. ఎప్‌కాట్‌లో 1983లో మొదలైన జర్నీ ఇంటు ఇమాజినేషన్‌లో ఫిగ్‌మెంట్ అనే ఊదారంగు చిన్న డ్రాగన్ అందరికీ ప్రియమైనది. 1999లో రైడ్‌ను మార్చినప్పుడు ఫిగ్‌మెంట్‌ను దాదాపు తొలగించారు. సందర్శకుల అసంతృప్తి బలంగా వెల్లడైంది. ఆ కొత్త రూపం 2001లోనే మూతపడి, 2002లో ఫిగ్‌మెంట్ పేరుతోనే, అతని పాటతో సహా మళ్లీ తెరుచుకుంది. పాత రైడ్ తిరిగి రాలేదు, కానీ అభిమానులు పేరు పెట్టి అడిగిన పాత్ర వచ్చింది. రూపకర్తలను వ్యక్తిగతంగా దూషించే లేఖను ఎవరూ పైకి పంపరు. గేటు దగ్గర నిలబడిన ఉద్యోగికి ఈ నిర్ణయంతో ఏ సంబంధమూ లేదు. బహుశా ఆ రైడ్‌ను మీకన్నా ఎక్కువగా ప్రేమించి, రోజూ నడిపిన మనిషి ఆయనే కావచ్చు.

కొత్త రైడ్ తెరుచుకున్నప్పుడు కనీసం రెండుసార్లు ఎక్కిన తరువాతనే అభిప్రాయం చెప్పండి. మొదటిసారి మన కళ్లు పాత దృశ్యాల కోసమే వెతుకుతాయి; ఈ మలుపులో అది ఉండేది కదా అనుకునేలోపు ఎదుట ఉన్నది దాటిపోతుంది. రెండోసారి, వీలైతే వేరే వరుసలో కూర్చుని, వేరే సమయంలో ఎక్కండి. ప్రారంభపు వారాల్లో సాంకేతిక అంతరాయాలు సహజం గనుక, ఒక బొమ్మ కదలకపోతే దానిని రూపకల్పనలోని లోపంగా లెక్కించకండి. ఆ తరువాత మీ కాగితం బయటకు తీసి, ప్రతి అంశం ఎదుట ఏమి వచ్చిందో రాయండి. డిస్నీవారి కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్క్‌లో 2004లో తెరుచుకున్న టవర్ ఆఫ్ టెర్రర్ 2017 జనవరిలో మూతపడి, అదే ఏడాది మే 27న గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రైడ్‌గా మారింది. ఒక పాడుబడిన హోటల్‌లో నెమ్మదిగా పెరిగే భయం పోయింది. ఆ నష్టం నిజమే. దానికి బదులుగా ఆరు పాటల్లో ఏదో ఒకటి మోగుతుండగా, ఆ పాటకు తగినట్టు లిఫ్ట్ ఎగిరి పడే ఉల్లాసం వచ్చింది, పైగా మళ్లీ ఎక్కితే వేరే పాట రావచ్చు. ప్రకటన రోజున తీవ్రంగా వ్యతిరేకించిన కొందరు ఎక్కిన తరువాత దానిని మెచ్చుకున్నారు. మారని వారూ ఉన్నారు. మీ కాగితంలో మొదటి అంశం భయమే అయితే మీరు మారనవసరం లేదు. అయితే మీ పక్క సీట్లో మొదటిసారి ఎక్కి కేరింతలు కొడుతున్న పిల్లవాడికి, దిగేలోపే పాతది ఎంత గొప్పదో చెప్పడం మొదలుపెట్టవద్దు. అతనికి ఇదే మొదటి రైడ్.

చివరిగా, పాత రైడ్ గుర్తుల కోసం వెతకండి. రూపకర్తల్లో చాలామంది కూడా అభిమానులే గనుక, కొత్త గోడల్లో ఎక్కడో ఒకచోట పాతదానికి నమస్కారం పెట్టి ఉంచుతారు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుంచి నడిచిన మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్‌ను కాపాడటానికి అభిమానులు ప్రత్యేక టీషర్టులు ధరించి పార్క్‌లోనే గుమిగూడారు. అయినా అది 1998 సెప్టెంబరు 7న మూతపడింది. మరుసటి ఏడాది అక్కడ విన్నీ ద పూ రైడ్ వచ్చింది. ఆ రైడ్‌లో, పూ కథలోని గుడ్లగూబ ఇంటి దృశ్యం దగ్గర చూపు తిప్పితే గోడపై ఒక చిన్న పటం కనిపిస్తుంది: అందులో మిస్టర్ టోడ్ ఇంటి దస్తావేజును గుడ్లగూబ చేతికి అందిస్తూ ఉంటాడు.