రూసో అని ఉంటే ఏ రూసో?

మా గ్రంథాలయంలో విదేశీ రచయితల కార్డులు నేనే రాస్తాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి నోట్సులో 'సామాజిక ఒడంబడిక రాసిన రూసో పులుల బొమ్మలు కూడా వేశాడు' అని ఉంది. ఆ పుస్తకం రాసిన రూసో వేరు, పులుల బొమ్మలు వేసిన రూసో వేరు. అయినా తప్పు ఆ పిల్లది కాదు. తను చూసిన రెండు పుస్తకాల్లోనూ ఉత్త 'రూసో' అనే ఉంది. పరీక్షలో అదే రాస్తుందేమోనని నాకే టెన్షన్ వచ్చింది. అందుకే ఈ పద్ధతి.

రూసో అనేది ఇంటిపేరు. ఎర్రజుట్టుకు ఫ్రెంచిలో ఉన్న మాట నుంచి వచ్చింది. ఎర్రజుట్టువాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు, కాబట్టి రూసోలంతా చుట్టాలు అనుకోకండి.

మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది చివర. కార్డు మీద రూసో అని రాసి, కామా పెట్టి, అసలు పేరు పూర్తిగా రాయండి. పొడి అక్షరాలు వద్దు. 'జె.' అంటే ఇద్దరున్నారు. జీన్ బాప్టిస్ట్ రూసో పారిస్ కవి, చెప్పులు కుట్టే ఆయన కొడుకు. పరువు తీసే పద్యాలు రాశాడన్న కేసులో 1712లో దేశ బహిష్కార శిక్ష పడింది. సరిగ్గా అదే ఏడాది జెనీవాలో, గడియారాలు చేసే ఆయన ఇంట్లో జీన్ జాక్వెస్ రూసో పుట్టాడు. మన సివిక్స్ పాఠాల రూసో ఈయనే. ఒక్క 1712 చూసి తేల్చుకుంటే బోల్తా పడతాం. పుట్టిన, పోయిన ఏళ్లు రెండూ వేయండి: కవికి 1671–1741, ఈయనకు 1778 వరకు.

చిత్రకారుల దగ్గర ఏళ్లు కూడా చాలవు. థియోడోర్ 1812–1867, హెన్రీ 1844–1910. ఇద్దరూ చెట్లే వేశారు! అప్పుడు బొమ్మనే చూడాలి. థియోడోర్‌వి ఫాంటేన్‌బ్లో అడవిలో కళ్లారా చూసిన చెట్లు. ఆ అడవి పక్కనే బార్బిజోన్‌లో ఉండి, అక్కడే పోయాడు. హెన్రీవి మనిషంత ఆకులు, మధ్యలో కళ్లు పెద్దవి చేసి చూసే జంతువులు. ఆయన ఫ్రాన్స్ దాటి వెళ్లలేదు. పారిస్‌లోకి వచ్చే సరుకు మీద పన్ను వసూలు చేసే ఉద్యోగం. వృక్షశాస్త్ర తోటలోని అద్దాల గదుల్లో మొక్కలు చూసి అడవులు ఊహించుకున్నాడు. నాకు ఈయనంటే చాలా ఇష్టం.

ఆ అమ్మాయి రాసుకున్న పులి హెన్రీది. వానలో, గాలిలో పళ్లు బయటపెట్టి ఉంటుంది. 1891లో వేశాడు, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.