పొటెన్షియల్ పాఠాలు – 5: ఆ 120 ఉష్ణోగ్రత కాదు

ఈసారి బలం లెక్కల్లోకి వెళ్దామనుకున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన ఆర్గాన్ లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ఆగాల్సి వచ్చింది. రెండు ఆర్గాన్ పరమాణువుల మధ్య లెనార్డ్-జోన్స్ పొటెన్షియల్ (దూరాన్ని బట్టి వాటి స్థితిజ శక్తి ఎలా మారుతుందో చెప్పే సూత్రం) లోతు ఎన్ని జౌళ్లో చెప్పమంటే, కొందరు 120 అన్నారు. కొందరు దాన్ని 9×10⁹ తో గుణించి లక్ష కోట్ల జౌళ్లు దాటించారు. రెండు పరమాణువులకే!

సూత్రం అదే: యు = 4 × ఎప్సిలాన్ × [(సిగ్మా/ఆర్)¹² − (సిగ్మా/ఆర్)⁶]. యు స్థితిజ శక్తి. ఆర్ అనేది పరమాణువుల మధ్య దూరం, అది చలరాశి. ఎప్సిలాన్ (మనం అడిగిన లోతు ఇదే), సిగ్మా పరామితులు. పదార్థం మారితేనే మారతాయి. ఇంతకుమించి దీని గురించి మళ్లీ చెప్పను.

ఇక అసలు చిక్కు. పట్టికల్లో ఎప్సిలాన్ నేరుగా ఇవ్వరు. 'ఎప్సిలాన్/కె = 120 కె' అని వేస్తారు. ఎడమవైపుది చిన్న కె, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం: 1.38×10⁻²³ జౌల్/కెల్విన్. కుడివైపుది పెద్ద కె, కెల్విన్ అనే ప్రమాణం. కూలుమ్ పాఠంలో 9×10⁹ విలువున్న చిన్న కె మూడోది, దానికి ఇక్కడ పనే లేదు. అచ్చును గమనించండి: రాశుల గుర్తులు వాలుగా ఉంటాయి, ప్రమాణాల గుర్తులు నిటారుగా ఉంటాయి. అన్నట్టు, ఆ కూలుమ్ పాఠంలో శూన్యపు పర్మిటివిటీకి వాడిన ఎప్సిలాన్ నాట్‌కీ ఈ ఎప్సిలాన్‌కీ చుట్టరికం లేదు.

శక్తిని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో భాగిస్తే మిగిలేది కెల్విన్. అంతేగాని ఆర్గాన్ 120 కెల్విన్ దగ్గర ఉందని కాదు. మామూలు వాతావరణ పీడనంలో అది మరిగేది 87 దగ్గర. వెనక్కి గుణించండి: 120 × 1.38×10⁻²³ = 1.66×10⁻²¹ జౌళ్లు. అదే లోతు 0.0103 ఎలక్ట్రాన్ వోల్ట్. పేరులో వోల్ట్ ఉన్నా ఇదీ శక్తే. మోల్‌కైతే దాదాపు 1 కిలోజౌల్. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ దాదాపు 11,600 కెల్విన్‌లకు సమానం కాబట్టి, నేనైతే 120ని 11,600తో భాగించి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలోకి వెళ్లిపోతాను. ఇంతకీ కెల్విన్‌లలో ఎందుకిస్తారంటే, పోల్చడం తేలిక. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్, అంటే 120కి రెండున్నర రెట్లు. అందుకే ఆర్గాన్ పరమాణువులు అతుక్కోవు, వాయువుగానే ఉంటాయి.

ఆర్గాన్‌కి సిగ్మా 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ 10⁻¹⁰ మీటర్). అక్కడ యు సున్నా. యు అడుగు తగిలేది, అంటే అతి తక్కువయ్యేది, అక్కడ కాదు, దానికి 1.122 రెట్ల దూరంలో, 3.82 దగ్గర. ఇప్పుడు ఆర్ = 6.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర యు కట్టాలనుకోండి. ఆ 6.8ని మీటర్లలోకి మార్చి పన్నెండో ఘాతం చేయబోతే మామూలు కాలిక్యులేటర్ సున్నా చూపిస్తుంది. ముందు నిష్పత్తి తీయండి: సిగ్మా/ఆర్ = 1/2. ఘాతాలు 1/4096, 1/64. యు = −0.0615 ఎప్సిలాన్. జౌళ్లలో −1.02×10⁻²². ప్రమాణం చివర్లో తగిలించేదే.

లెనార్డ్, జోన్స్ ఇద్దరు మనుషులని కొందరు రాశారు. ఒక్కరే. 1924లో ఈ తరహా పొటెన్షియల్ ప్రతిపాదించినప్పుడు ఆయన ఉత్త జోన్స్. 1925లో పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు కలుపుకున్నాడు.

అభ్యాసం: నియాన్‌కి ఎప్సిలాన్/కె 36 కెల్విన్, సిగ్మా 2.75 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకోండి. లోతును జౌళ్లలో, ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో, మోల్‌కి కిలోజౌళ్లలో చెప్పండి. తర్వాత యు ని అవకలనం చేసి, ఆర్ = సిగ్మా దగ్గర బలాన్ని న్యూటన్లలో కట్టండి. ఆర్గాన్‌కి ఇది 1.17×10⁻¹⁰ వస్తుంది, సరిచూసుకోండి.