5కె, 10కె రేసుకు ముందు: ఏం తినాలి, ఎంత తాగాలి, ఎన్ని గంటల ముందు

5 కిలోమీటర్ల రేసులో మూడో కిలోమీటరు దగ్గర డొక్క పట్టుకుని నడుస్తున్నవాళ్లను అడిగి చూడండి. తినక ఆగిపోయినవాళ్లు అందులో ఎక్కడో ఒకరుంటారు. మిగతావాళ్లంతా ఎక్కువ తిన్నవాళ్లో, ఆలస్యంగా తిన్నవాళ్లో, స్టార్ట్ దగ్గర నిలబడి అర లీటరు నీళ్లు గటగటా తాగేసినవాళ్లో అయివుంటారు.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పరుగెత్తేటప్పుడు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి 5కెలో 300, 10కెలో 600. రోజూ సరిగ్గా తినే మనిషి కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో 300 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం (కార్బోహైడ్రేట్) నిల్వ ఉంటుంది. 400 గ్రాములు అనుకున్నా, గ్రాముకు నాలుగు చొప్పున 1600 కిలోక్యాలరీలు. ఆ నిల్వంతా కాళ్లలోనే ఉండదన్నది నిజమే కానీ, గంటలోపు అయిపోయే పరుగుకు ఉన్నది చాలు. మారథాన్ పరుగెత్తేవాళ్లు రెండు మూడు రోజుల ముందు నుంచి అన్నం, పాస్తా పెంచి తినడానికి కారణముంది, అంత దూరానికి ఈ నిల్వ చాలదు. 5కెకి అదే పని చేస్తే మోయాల్సిన బరువు పెరుగుతుంది, అంతే. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది మరి.

అలాంటప్పుడు పొద్దున్నే అసలు తినడం దేనికి? కాలేయం కోసం. రక్తంలో చక్కెరను నిలకడగా ఉంచేది కాలేయంలోని 80-100 గ్రాముల నిల్వ. మనం నిద్రపోతున్నా మెదడు పని చేస్తూనే ఉంటుంది కాబట్టి, తెల్లారేసరికి ఆ నిల్వ బాగా తరిగిపోతుంది. పొద్దున తినే కాస్త తిండి దాన్ని మళ్లీ నింపుతుంది, ఆకలిని, తల తేలికైపోవడాన్ని ఆపుతుంది. అంత చిన్న పనికి అంత చిన్న భోజనమే సరిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 5కె దూరం తక్కువ, వేగం ఎక్కువ. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది. పొట్టకూ పేగులకూ వెళ్లేది సగానికంటే కిందికి పడిపోతుంది. అప్పుడు పొట్టలో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. మామూలు రోజు నెమ్మదిగా పరుగెత్తినప్పుడు ఏ ఇబ్బందీ పెట్టని టిఫినే రేసు రోజు నోటిదాకా వచ్చేది అందుకే.

ముందురోజు రాత్రి

మామూలు భోజనం, మామూలు పరిమాణం. పడుకోవడానికి రెండున్నర, మూడు గంటల ముందే ముగించండి. అన్నమో, బ్రెడ్డో, పాస్తానో, ఉడికించిన బంగాళాదుంపో ప్రధానంగా ఉండాలి. పక్కన గుడ్డు, చేప, చికెన్ లాంటిది కొద్దిగా చాలు. వేపుళ్లు, క్రీమ్ సాస్‌లు, బాగా కారం వేసినవి ఆ ఒక్క రాత్రికి పక్కన పెట్టండి.

రాజ్మా, శనగలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, పెద్ద గిన్నెడు పచ్చి సలాడ్ మంచి తిండే. కానీ వాటిలో పీచు పెద్దపేగు చేరి గ్యాస్ అయ్యేది కొన్ని గంటల తర్వాత, అంటే సరిగ్గా మీరు షూ లేసులు కట్టుకునే వేళకి. రేసు మధ్యలో టాయిలెట్ వెతుక్కునే అలవాటున్నవాళ్లు ముందురోజు మధ్యాహ్నం నుంచే పీచు తగ్గించాలి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, మిఠాయిల్లో ఉండే సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలకూ విరేచనం చేయించే గుణం ఉంది. చాలామంది దీన్ని అనుమానించరు. మద్యం వద్దు. నిద్రను చెడగొడుతుంది, మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీటిని తీసేస్తుంది.

రేసు రోజు పొద్దున

వెనక నుంచి లెక్కపెట్టుకోండి. రేసు 7 గంటలకైతే 4:30కి తినాలి. రెండున్నర గంటల వ్యవధి చాలామందికి పడుతుంది. కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాముల పిండిపదార్థం తీసుకోండి. 60 కిలోలవాళ్లకు 60 నుంచి 90 గ్రాములు. బరువును బట్టి మీ లెక్క వేసుకోండి.

పళ్లెంలో అది ఎలా ఉంటుందంటే (బ్రాకెట్లలో ఉన్నది పిండిపదార్థం లెక్క): రెండు ముక్కల తెల్ల బ్రెడ్డు (25-30 గ్రాములు), దాని మీద ఒక టేబుల్ స్పూన్ తేనె (17 గ్రాములు), మధ్యస్థంగా ఉన్న ఒక అరటిపండు (25 గ్రాములు). మొత్తం దాదాపు 70. ఇంకా తేలిక చేయాలంటే బ్రెడ్డును కాల్చండి. వెన్న రాయాలనిపిస్తే బ్రెడ్డు కనిపించేంత పల్చగానే. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. పీనట్ బటర్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, ఆరోగ్యకరమైనదే అయినా రెండు చెంచాలు ఈ పొద్దుకు ఎక్కువ.

అన్నం అలవాటైనవాళ్లకు 200 గ్రాముల తెల్లన్నంలో 55 గ్రాములు వస్తాయి. ఓట్స్ 50 గ్రాములు వండితే 30 గ్రాములకు పైగా వస్తాయి కానీ 5 గ్రాముల పీచు కూడా వస్తుంది. రోజూ తినేవాళ్లకు ఫరవాలేదు, రేసు కోసం కొత్తగా మొదలుపెట్టకండి. పాలు పడనివాళ్లు ఓట్స్‌ను నీళ్లతోనే వండుకోవాలి. గుడ్డు ఒకటైతే సరే, మూడు గుడ్ల ఆమ్లెట్టు మాత్రం రేసు అయ్యాక.

అరటిపండు గురించి ఒక్క మాట. తొక్క మీద గోధుమరంగు చుక్కలు వచ్చి, మొదలు దగ్గర పచ్చదనం పూర్తిగా పోయిన పండు తీసుకోండి. ఇంకా పచ్చగా ఉన్నదాంట్లో పిండి చక్కెరగా మారి ఉండదు. అది చిన్నపేగులో అరక్కుండా కిందికి వెళ్లి గ్యాస్ అవుతుంది. అరటిపండు పడదనుకునేవాళ్లలో కొందరి అసలు ఇబ్బంది పండని పండే.

నిద్ర లేవడం ఆలస్యమై ఒక గంటే మిగిలిందా? అప్పుడు 25-30 గ్రాములతో ఆపండి. ఒక అరటిపండు, లేదా జామ్ రాసిన ఒకటిన్నర బ్రెడ్డు ముక్క. రెండున్నర గంటల భోజనాన్ని గంట ముందు తినేయడమే ఎక్కువగా జరిగే తప్పు.

రేసుకు 30 నుంచి 60 నిమిషాల ముందు తీపి తింటే కొంతమందికి మాత్రమే ఒక చిక్కు వస్తుంది. చక్కెరకు ఇన్సులిన్ పెరిగి ఉంటుంది, అదే సమయంలో కండరాలూ చక్కెర లాగడం మొదలుపెడతాయి, రేసు మొదలైన మొదటి పది, పదిహేను నిమిషాల్లో చేతులు వణికి, నీరసంగా అనిపిస్తుంది. చాలామందికి తెలియకుండానే సర్దుకుపోతుంది. మీకు తెలిసేలా వస్తుంటే తీపిని రేసుకు గంటన్నర ముందే తినేయండి, లేదా వార్మప్ అయ్యాక, రేసుకు ఐదు పది నిమిషాల ముందు తీసుకోండి. ఒళ్లు వేడెక్కాక ఇన్సులిన్ అంతగా పెరగదు.

గాభరాతో ముద్ద దిగనివాళ్లు తాగండి. 500 మిల్లీలీటర్ల నీళ్లలో 7 సమతలపు టీస్పూన్ల చక్కెర (28-30 గ్రాములు), టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు, రుచికి నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే 6 శాతం ద్రావణం తయారవుతుంది. దుకాణంలో దొరికే స్పోర్ట్స్ డ్రింకులు 6 నుంచి 8 శాతం ఉంటాయి. చక్కెర ఇంకా పెంచితే పొట్టలోంచి త్వరగా కదలదు. పండ్లరసాలు 10 శాతం దాటుతాయి కాబట్టి సగం నీళ్లు కలపకుండా తాగకండి.

ఏమీ తినకుండా 5కె పరుగెత్తవచ్చా? రాత్రి సరిగ్గా తిని, పరగడుపున గట్టిగా పరుగెత్తే సాధన ఉన్నవాళ్లు పరుగెత్తగలరు. 10కెకి మాత్రం కొద్దిగా తినడమే నయం. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లకు ఈ అంకెలేవీ వర్తించవు, డాక్టరుతో కూర్చుని మోతాదులు, తిండి కలిపి నిర్ణయించుకోవాల్సిందే.

నీళ్లు

రేసుకు 2 నుంచి 4 గంటల ముందు కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు తాగండి. 60 కిలోలకు 300-600. దాన్ని ఒక గ్లాసు లేవగానే, ఇంకో గ్లాసు తిండితో, మిగిలింది తర్వాత నెమ్మదిగా అని పంచుకోండి. ఎక్కువైనది మూత్రంగా బయటికి పోవడానికి టైము ఉండాలి. చివరి గంటలో దాదాపు ఆపేయండి. స్టార్ట్‌కు పది పదిహేను నిమిషాల ముందు 100-150 మిల్లీలీటర్లు, అంటే నాలుగైదు గుక్కలు.

మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టే. ముదురుగా ఉంటే ఇంకో గ్లాసు. నీళ్లలా రంగు లేకుండా వస్తుంటే ఎక్కువ తాగుతున్నారు, ఆపండి. బి విటమిన్ మాత్ర వేసుకున్న రోజు ఈ పరీక్ష పనికిరాదు, ఎంత తాగినా ముదురు పసుపుగానే వస్తుంది.

డొక్కలో పోటుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు కానీ నిండు పొట్ట, అందులోనూ చిక్కటి తీపి పానీయాలు దాన్ని రేపుతాయన్నది గట్టిగానే తెలుసు. తరచూ పోటు వచ్చేవాళ్లు ముందు చేయాల్సిన మార్పు ఆఖరి గంట తాగుడు తగ్గించడం.

రేసు మధ్యలో తాగాలా? గంటకు లీటరు చెమట పట్టే మనిషికి 30 నిమిషాల్లో పోయేది అర లీటరు, 60 కిలోల ఒంట్లో ఒక శాతం కూడా కాదు. వేగం మీద దెబ్బ సాధారణంగా 2 శాతం దగ్గర కనబడుతుంది. 5కెలో నీళ్ల బల్లను దాటి వెళ్లిపోవచ్చు. 10కెలో, ఎండగా ఉంటే, రెండు గుక్కలు. తాగకపోయినా ఉపయోగపడేది ఒకటుంది: తీపి పానీయాన్ని ఐదు పది సెకన్లు నోట్లో పుక్కిలించి ఉమ్మేయడం. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సైక్లిస్టులు సుమారు గంట పట్టే టైమ్ ట్రయల్‌లో (గడియారంతో పోటీ పడే పరీక్షలో) ఇలా పుక్కిలించి దాదాపు 3 శాతం వేగంగా పూర్తి చేశారు. చక్కెర ఒంట్లోకే వెళ్లలేదు, నోరు దాన్ని పసిగట్టి మెదడుకు చెప్పింది. 10కె దాదాపు గంట పట్టేవాళ్లకు ఇది ప్రయత్నించదగ్గ పని.

కాఫీ, మిగతావి

ఇన్ని చిట్కాల్లో నిజంగా పనిచేసేది కెఫీన్. కిలోకు 3 మిల్లీగ్రాములు, 60 కిలోలకు 180, రేసుకు 45-60 నిమిషాల ముందు. 240 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీ కప్పులో సుమారు 80-100 మిల్లీగ్రాములుంటుంది, ఇన్‌స్టంట్‌లో తక్కువ. పోటీల నిషేధ జాబితా నుంచి దీన్ని 2004లో తీసేశారు. కాఫీ పేగులను కదిలిస్తుంది కాబట్టి, అది మీకు బాగా తెలిసిన సంగతైతే గంటన్నర ముందే తాగి, టాయిలెట్ పని ముగించుకుని బయల్దేరండి. ఎప్పుడూ కాఫీ తాగనివాళ్లు ఈ రోజు మొదలుపెట్టవద్దు, గుండె దడ, చేతుల వణుకు తప్ప ఏమీ మిగలదు. సాయంత్రం రేసుకు కూడా ఆలోచించాలి, తాగినదాంట్లో సగం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పిల్లలకు వద్దే వద్దు.

బీట్‌రూట్ రసం వాడేవాళ్లు రెండు మూడు గంటల ముందు తాగాలి. ఆ పొద్దున మౌత్‌వాష్ వాడితే మాత్రం తాగినా వృథా. రసంలోని నైట్రేట్‌ను ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే బ్యాక్టీరియా నాలుక మీదే ఉంటుంది, మౌత్‌వాష్ దాన్ని చంపేస్తుంది. తర్వాత మూత్రం ఎర్రగా వచ్చినా కంగారు పడక్కర్లేదు.

800, 1500 మీటర్లవాళ్లు కొందరు వంటసోడా మింగుతారు. కిలోకు 0.3 గ్రాముల మోతాదు 60 కిలోలకు 18 గ్రాములు, అందులో దాదాపు 5 గ్రాముల సోడియం. రక్తపోటు ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. లేనివాళ్లకు కూడా వికారం, విరేచనాలు సాధారణం, కోచ్ పర్యవేక్షణ లేకుండా వద్దనే మా అభిప్రాయం. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఇబుప్రోఫెన్, ముందుజాగ్రత్తగా వేసుకోకండి. పరుగులో అసలే రక్తం తగ్గి ఉన్న పేగులకూ మూత్రపిండాలకూ అది ఇంకో భారం.

సాయంత్రం రేసు, ట్రాక్ పోటీలు

సాయంత్రం రేసులో దెబ్బతీసేది మధ్యాహ్న భోజనం. రేసుకు నాలుగు గంటల ముందు దాన్ని ముగించి, గంటన్నర ముందు ఒక అరటిపండు తినండి. భయంతో భోజనం మానేసి నాలుగింటికి బిస్కెట్ల ప్యాకెట్టు ఖాళీ చేయడం రెండు వైపులా నష్టం.

100 నుంచి 400 మీటర్లలో శక్తి సమస్యే కాదు. అక్కడ చూడాల్సింది హీట్‌కూ (ఫైనల్‌కు ఎంపిక చేసే తొలి పరుగు) ఫైనల్‌కూ మధ్య వ్యవధి. గంటలోపైతే తీపి పానీయం గుక్కలుగా, ఒకటి రెండు గంటలైతే అరటిపండో, జామ్ బ్రెడ్డో, మూడు దాటితే చిన్న భోజనం.

ఏది ఎంచుకున్నా రేసు రోజే తొలిసారి తినకండి. అంతకుముందు నెలలో రెండు మూడు సార్లు, గట్టిగా పరుగెత్తే సాధన రోజున, రేసు వేళకే లేచి, అదే తిండి, అదే పరిమాణం తిని చూడండి. తిన్న టైము, గ్రాములు, తాగినది, పొట్ట ఎలా ఉందో నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి. ఇబ్బంది వస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్రెడ్డు, కాఫీ, టైము మూడూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు.

సంచిలో ఒక పండిన అరటిపండు, ఒక చిన్న సీసా తీపి పానీయం అదనంగా ఉంచుకోండి. స్టార్ట్ అరగంట వాయిదా పడితే ఏమీ తినక్కర్లేదు, నాలుగు గుక్కలు తాగి ఒళ్లు వెచ్చగా ఉంచుకోండి. గంట దాటేలా ఉంటే ఆ అరటిపండులో సగం తినండి, మిగతా సగం రేసు అయ్యాక.