సీఆర్‌టీ లెక్కలో ఎలక్ట్రాన్ వేగం కట్టక్కర్లేదు

సీఆర్‌టీలో (కాథోడ్ రే ట్యూబ్, అంటే ఎలక్ట్రాన్లు తెరను తాకి చుక్క వెలిగించే గొట్టం) చుక్క ఎంత పక్కకు జరుగుతుందో కట్టమంటే ముందు ఎలక్ట్రాన్ వేగం, తర్వాత త్వరణం, ఆపైన కాలం... మధ్యలో ద్రవ్యరాశిలోని 10 పైన మైనస్ 31 ఒకచోట తప్పు కొడితే అంతా మళ్లీ మొదటికి. నిన్న మా తమ్ముడికి చెప్తుంటే తట్టింది, అసలు ఆవేశం, ద్రవ్యరాశి రెండూ కొట్టుకుపోతాయి కదా అని.

నేరుగా ఇలా వేసేయండి. పైన: ప్లేట్ల (ఎలక్ట్రాన్‌ని పక్కకు లాగే జత) పొడవు × తెర దూరం × ప్లేట్ల మధ్య వోల్టేజీ. కింద: 2 × ప్లేట్ల ఎడం × యానోడ్ (ఎలక్ట్రాన్‌కి ముందుగా వేగం ఇచ్చేది) వోల్టేజీ. దూరాలన్నీ సెంటీమీటర్లలోనే ఉంచితే జవాబూ సెంటీమీటర్లలోనే వస్తుంది. తెర దూరం మాత్రం ప్లేట్ల మధ్యబిందువు నుంచి కొలవాలి, చివరి నుంచి కాదు. మావాడు పొరపడింది అక్కడే.

ప్లేట్లు 2 సెం.మీ., ఎడం 0.5, తెర 20 సెం.మీ. దూరం, ప్లేట్లకు 50 వోల్టులు, యానోడ్‌కు 2000 అనుకోండి. పైన 2000, కింద 2000. చుక్క సరిగ్గా 1 సెం.మీ. జరుగుతుంది. ప్లేట్ల వోల్టేజీ 100 చేస్తే 2 సెం.మీ. అదే ప్లేట్లకు 50 వోల్టులే ఉంచి యానోడ్‌ని 4000 చేస్తే అర సెంటీమీటరే. ఎలక్ట్రాన్ వేగంగా దాటిపోతుంది, ప్లేట్లు లాగడానికి దొరికే సమయం తక్కువ.

ఇది సీఆర్‌ఓ (సిగ్నల్ తరంగాన్ని తెరపై చూపే ఆసిలోస్కోప్) లాంటి ప్లేట్ల గొట్టాలకే. పాత టీవీ పిక్చర్ ట్యూబులో వంచేది మెడ చుట్టూ ఉన్న కాయిల్స్, అంటే అయస్కాంత క్షేత్రం. అక్కడ యానోడ్ వోల్టేజీ రెట్టింపైతే జరుగుడు సగం కాదు, దాదాపు 0.7 వంతే అవుతుంది.