"సరేనండి" అని మళ్ళీ అదే తప్పు చేసేవాళ్ళతో ఎలా మాట్లాడాలి: నా అనుభవం

లక్షణం ఇది: మన కింద పనిచేసేవాళ్ళకి తప్పు ఎత్తిచూపగానే "సరేనండి" అంటారు, వారం తిరిగేసరికి మళ్ళీ అదే. పొగడ్తల మధ్య విమర్శ ఇరికించడం, మెయిల్ పెట్టడం, అప్రైజల్ (పనితీరు సమీక్ష) దాకా ఆగడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇదీ. మర్నాటిలోపు, విడిగా, 15 నిమిషాలు. ఉపోద్ఘాతం లేకుండా ఒక్క సంఘటనే. ఉదాహరణకి, తర్వాతి షిఫ్ట్ వాళ్ళకోసం రాసిపెట్టాల్సిన నోట్ గురించి: "నిన్నటి షిఫ్ట్ నోట్‌లో పెండింగ్ టికెట్ల (ఇంకా తేలని కస్టమర్ సమస్యల) స్థితి రాయలేదు. పొద్దున వచ్చినావిడ కస్టమర్‌ని మళ్ళీ మొదటినుంచీ అడగాల్సి వచ్చింది." "ఎప్పుడూ ఇంతే", "నిర్లక్ష్యం" లాంటి మాటలు వద్దు, అవి వినగానే మనిషి పని సంగతి పక్కనపెట్టి తన పరువు కాపాడుకుంటాడు.

తర్వాత "ఏం అడ్డొచ్చింది?" అని అడిగి, నోరు మూసుకోవాలి. అసలు కష్టం ఇక్కడే. పది సెకన్ల మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తాం, వాళ్ళు తలూపేస్తారు. ఆగితే అసలు కారణం బయటపడుతుంది: షిఫ్ట్ చివరి నిమిషం దాకా కాల్స్ వస్తున్నాయి, నోట్ రాసే తీరికే లేదు. అది మేనేజరు సరిచేయాల్సింది. చివరి 10 నిమిషాలు కాల్స్ ఆపించాలి.

ఆఖర్న, ఏం మారుస్తారో వాళ్ళ మాటల్లోనే చెప్పించాలి. నోట్ సరిగా వచ్చిన రోజే ఆ మాట వాళ్ళకి చెప్పాలి.

పని తెలిసి, ఎక్కడో చిక్కుకున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది. ఉద్యోగం పోతుందన్న భయంలో ఉన్నవాళ్ళు ఆ మౌనంలో కూడా నిజం చెప్పకపోవచ్చు.