ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్ సబ్జెక్టు చదివే పద్ధతి: ముందు కాగితం, తర్వాత కోడ్

ఈ సబ్జెక్టులో నిర్వచనాలు బట్టీపడితే మొదటి లెక్క దగ్గరే ఆగిపోతారు. స్కోప్‌తో (ఒక పేరు ఏ వేరియబుల్‌ను సూచిస్తుందో తేల్చే నియమం) మొదలుపెట్టండి, మిగతా పాఠాల్లో చాలావరకు దాని మీదే నిలబడ్డాయి.

గ్లోబల్ ఎక్స్ విలువ 1. ఎఫ్ అనే ఫంక్షన్ ఎక్స్‌ను ప్రింట్ చేస్తుంది. జీ తన లోకల్ ఎక్స్‌కు 2 ఇచ్చి ఎఫ్‌ను పిలుస్తుంది. స్టాటిక్ స్కోప్‌లో 1 వస్తుంది, ఎందుకంటే ఎఫ్‌ను రాసిన చోట వెతుకుతాం. డైనమిక్‌లో పిలిచిన ఫంక్షన్ ఫ్రేములో (ఆ పిలుపు తాలూకు లోకల్ వేరియబుల్స్ ఉండే చోటు) వెతుకుతాం కనుక 2. స్టాక్ ఫ్రేములు గీసి, ఒక్కోదాని నుంచి రెండు బాణాలు వేయండి: ఒకటి పిలిచిన ఫ్రేముకు, ఇంకోటి ఫంక్షన్‌ను నిర్వచించిన చోటికి. అదే ప్రోగ్రామ్ పైథాన్‌లో 1, బాష్ షెల్‌లో 2 ఇస్తుంది (జీలో ఎక్స్‌ను లోకల్‌గా ప్రకటించడం మరవకండి).

తర్వాత చిన్న ఇంటర్‌ప్రెటర్ రాయండి: సంఖ్యలు, కూడిక, లెట్ (ఒక పేరుకు విలువ ఇచ్చేది), చివర్లో ఫంక్షన్లు. పార్సర్ (కోడ్ పాఠాన్ని సింటాక్స్ ట్రీగా, అంటే దాని నిర్మాణం చూపే చెట్టుగా మార్చే భాగం) జోలికి ఇప్పుడే పోవద్దు, ఆ ట్రీని చేత్తో కట్టి ఇవ్వండి. చాలామంది ఫంక్షన్ల దగ్గరే తప్పుతారు. పారామీటరు, బాడీ దాచి, నిర్వచించినప్పటి ఎన్విరాన్‌మెంట్‌ను (ఏ పేరుకు ఏ విలువో చెప్పే పట్టిక) వదిలేస్తారు. దాంతో తెలియకుండానే డైనమిక్ స్కోప్ వచ్చేస్తుంది. తొలి లిస్ప్‌లో జరిగిందీ ఇదే. 1975లో స్కీమ్ అనే భాష లెక్సికల్ స్కోప్‌తో (స్టాటిక్ స్కోప్‌కే ఇంకో పేరు) వచ్చింది. పై ప్రోగ్రామ్‌నే టెస్టుగా పెట్టండి, 2 వస్తే క్లోజర్ (ఫంక్షన్, దాని ఎన్విరాన్‌మెంట్ కలిసిన జత) తప్పింది.

గ్రామర్లకు (కోడ్‌ను ఎలా కూర్చాలో చెప్పే నియమాలు) 8-3-2 చాలు. ఎడమ నుంచి చేస్తే 3, కుడి నుంచి 7. ఒకే గ్రామర్ రెండు చెట్లకూ చోటిస్తే అది యాంబిగ్యువస్.

పారామీటర్ పాసింగ్‌కు ఆల్గాల్ 60 భాషలోని కాల్ బై నేమ్‌తో (పారామీటరును వాడిన ప్రతిసారీ ఇచ్చిన ఎక్స్‌ప్రెషన్‌ను మళ్లీ లెక్కించే పద్ధతి) ఐ, ఏ[ఐ]లను స్వాప్ చేయండి. ఐ మారగానే ఏ[ఐ] వేరే గడిని సూచిస్తుంది, మార్పిడి చెడిపోతుంది.